ఇంటిదొంగ

భివండిలో స్థిరపడిన మన తెలుగువారిని ఎవరినైనా అడిగి చూడండి, "మీకు నిద్ర ఎప్పుడు చెడుతుంది?" అని. "సాంచాలు ఆగినప్పుడు" అంటారు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆ చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగినవాళ్లం. అది ఉన్నట్టుండి ఆగిపోయిందంటే కరెంటు పోయిందని అర్థం. ఫ్యాను ఆగుతుంది, దోమలు చేరుతాయి, ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. 2006లో మాకు అలాంటి రాత్రులు ఇన్నీ అన్నీ కావు. మహారాష్ట్ర అంతటా కోతలున్న రోజులవి. భివండిలో గంటల తరబడి ఉండేవి.

ఆ ఏడాది మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి ఇది. చెప్పేది కారు బ్యాటరీ గురించే. కానీ ఆ బ్యాటరీ పుణ్యమా అని నేను చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది. ఇన్నేళ్లూ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. మన పత్రిక మన ఇంటిలాంటిదే కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా బాపు అప్పటి కరీంనగర్ జిల్లా సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి భివండి వచ్చాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన ఎన్నో పద్మశాలీ కుటుంబాల్లాగే చేతిమగ్గం కడుపు నింపక, మూట కట్టుకుని వచ్చిన మనిషి. పన్నెండు గంటల షిఫ్టులు నడిపి మమ్మల్ని చదివించాడు. "నేను సాంచ మీద నిలబడ్డ, మీరు కుర్చీల కూసోవాలె" అనేవాడు. ఆయన మాట నిలబెట్టినట్టు నేను నూలు వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పనిలో కుదిరాను. మాది పద్మానగర్‌లో రెండు గదుల ఇల్లు. కింద ఒకరి సాంచాలు, పైన మేము. నేల ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉండేది.

2005 దసరాకు కాస్త ముందు సెకండ్‌హ్యాండులో ఒక చిన్న కారు కొన్నాను. మా గల్లీలో అదే మొదటి కారు. మా అవ్వ దానికి పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, "నీ బాపు ఉంటే ఎంత సంబురపడునో" అని కళ్లు తుడుచుకుంది. పండుగకు ఊరికి కారులోనే వెళ్లాలని, దారిపొడవునా బతుకమ్మ పాటలు వినాలని టేపురికార్డరు, స్పీకర్లు, వాటి సరంజామా అంతా బిగించుకున్నాను. ఆ మూడు నెలలూ ఠాణేలోని మా సేటు ఆఫీసుకు రోజూ కారులోనే వెళ్లి వచ్చేవాణ్ణి. ఏ రోజూ మొరాయించలేదు.

2006 సంక్రాంతి తరువాత రెండు మార్పులు జరిగాయి. మా సేటు లెక్కల పనిని భివండి గోదాముకు మార్చాడు. గోదాము దగ్గరే కాబట్టి నాకు స్కూటరు చాలింది. కారు ఆదివారానికో, అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడో బయటికి తీసేవాణ్ణి. అదే నెలలో మా అక్క కొడుకు ఊరి నుంచి మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ అయిపోయింది. రైల్వే ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటాడు, పగలు ఒక గోదాములో సరుకు లెక్క రాస్తాడు, నాలుగు రూపాయలు వెనకేసుకుంటాడు అని అక్క పంపింది. మాట తక్కువ పిల్లవాడు. పెట్టింది తినేవాడు, పిలిస్తే పలికేవాడు.

వాడు వచ్చిన రెండో వారంలోనే కారు స్టార్ట్ కాలేదు. తాళంచెవి తిప్పితే 'టిక్' మని ఒక చప్పుడు, అంతే. గల్లీలో నలుగురు కుర్రాళ్లు ధక్కా కొడితే లేచింది. ఇంకో వారానికి మళ్లీ అదే కథ. బ్యాటరీ దుకాణానికి తీసుకెళితే రాత్రంతా ఛార్జింగు పెట్టి ఇచ్చారు. నాలుగు రోజులకు మళ్లీ పడుకుంది. "బ్యాటరీ పాతదైంది, సెల్ వీక్" అన్నారు. మార్చిలో కొత్తది కొన్నాను. గుమస్తా జీతంలో అదేమీ చిన్న ఖర్చు కాదు. కొత్త బ్యాటరీ పది రోజులైనా సరిగ్గా పని చేయలేదు.

ఏప్రిల్లో ఒక రాత్రి కరెంటు పోయి సాంచాలు ఆగాయి. గాలి కోసం కిందికి దిగితే గల్లీ చివర మా కారులో సన్నని వెలుతురు కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే మా అల్లుడు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని, లోపలి దీపం వేసుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుకుంటున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఎంత ముచ్చటైన దృశ్యం! కరెంటు ఉంటే చప్పుడుకు చదువు సాగదు. కరెంటు పోతే ఊరంతా నిశ్శబ్దం, కానీ దీపం ఉండదు. ఆ పిల్లవాడు నిశ్శబ్దమూ దీపమూ రెండూ ఒకేచోట దొరికే జాగా వెతుక్కున్నాడు. వాడు రోజూ గంటన్నర అలాగే చదువుకుంటున్నాడని తరువాత తెలిసింది. తాళంచెవి అవ్వే ఇచ్చేదట.

నాకు ఆ రాత్రి ఆ ముచ్చట కనపడలేదు. కొత్త బ్యాటరీకి పెట్టిన డబ్బు కనపడింది. తలుపు తెరిచి, గల్లీ అంతా వినేలా అరిచాను. "నీ బాపు పంపిండా బ్యాటరీకి పైసలు? రెణ్నెల్ల సంది నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నవా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి ఇక్కడ రాయను. వాడు పుస్తకం మూసి, దీపం ఆర్పి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మరునాడు సాయంత్రం బస్సుకు ఊరికి వెళ్లిపోయాడు. అవ్వ కాళ్లకు మొక్కి వెళ్లాడు, నాకు చెప్పలేదు.

మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం, కఠినంగా అన్నా నిజమే అన్నాను కదా అని సర్దిచెప్పుకున్నాను. బ్యాటరీని మళ్లీ ఛార్జింగు పెట్టించాను. తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేశాను.

సరిగ్గా ఇరవై రోజులకు ఒక అర్ధరాత్రి అవ్వకు ఆయాసం వచ్చింది. ఊపిరి అందక మంచం కోళ్లు పట్టుకుంది. నేను పరుగున కిందికి వెళ్లి తాళంచెవి తిప్పాను. 'టిక్'. మళ్లీ తిప్పాను. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు. ధక్కా కొట్టడానికి ఆ వేళప్పుడు మనుషులేరీ? చివరికి గ్రే క్లాత్ తాకాలు వేసుకుని వెళుతున్న ఒక టెంపోను ఆపి, డ్రైవరు పక్కన అవ్వను కూర్చోబెట్టి, నేను వెనక తాకాల మీద పడుకుని ఆసుపత్రికి చేరాం. దేవుడి దయవల్ల గండం గడిచింది.

తెల్లవారాక ముక్కుకు ఆక్సిజను గొట్టం తీసేశాక అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. ఎలా ఉందని అడగబోయాను. ఆమే నన్ను అడిగింది.

"గా పిలగాడు పోయి ఇరవై దినాలాయె. మరి గిప్పుడు దీపం ఎవలు ఏసిండ్రురా?"

నా దగ్గర జవాబు లేదు.

అవ్వను ఇంటికి తెచ్చిన రోజే మా గల్లీలోని కాకను పట్టుకున్నాను. సాంచాల మోటార్లకు వైండింగ్ చేయడంలో ఆయనది ముప్పై ఏళ్ల చేయి. కార్లు తన పని కాదన్నాడు. "కరెంటు ఏడనైనా కరెంటే గద కాకా" అని బతిమాలితే సంచీ తీసుకుని వచ్చాడు. ఆయన చేసిన పరీక్ష నేను పక్కన ఉండి చూశాను. అది మీకు వరుసగా చెప్పడం మంచిదనిపిస్తోంది. ఎందుకంటే మూడు నెలల్లో నేను చేయని పని ఆయన మొదటి గంటలో చేశాడు. ఎవరినీ అనుమానించకుండా కొలిచాడు.

ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ పైభాగం చూశాడు. భివండిలో దూది పొట్టు పడని చోటు లేదు. బ్యాటరీ మీద ఆ పొట్టు, దుమ్ము, ఆసిడు తేమ కలిసి నల్లటి జిగురులా పట్టి ఉంది. కాక మీటరు మైనస్ తీగను మైనస్ కొసకు ఆనించి, ప్లస్ తీగ మొనను ఆ జిగురు మీద తాకించాడు. ఉత్త ప్లాస్టిక్ మూత మీద ముల్లు కదిలింది! అంటే ఆ మురికి గుండా కొంత కరెంటు ఒక కొస నుంచి మరో కొసకు నడుస్తూనే ఉన్నది. "ఇది చిన్న దొంగ" అన్నాడు కాక. మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచాడు. సోడా నీళ్లు లోపలికి ఒక్క చుక్క కూడా పోకూడదని హెచ్చరించాడు. కొసలకు పట్టిన తెల్లటి పూతను గీకి, కొంచెం వాజిలైను రాశాడు.

"ఇగ పెద్ద దొంగ సంగతి చూద్దాం" అంటూ మూడు ప్రశ్నలు వేశాడు. పెట్టె మంచిదేనా? నింపేది సరిగ్గా నింపుతున్నదా? నింపింది ఎక్కడైనా ఒలికిపోతున్నదా?

పెట్టె మంచిదో కాదో తెలియాలంటే ముందు పూర్తిగా ఛార్జి చేయాలి. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేసిన సీసపు పలకల బ్యాటరీయే ఇవాళ్టికీ మన కార్ల బానెట్ల కింద ఉన్నది. పన్నెండు వోల్టుల పెట్టెలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదికి రెండు వోల్టులకు కాస్త పైన. నిండుగా ఛార్జి అయి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపాలి. 12.2 చూపితే సగమే ఉన్నట్టు. 12 కంటే దిగితే దాదాపు అడుగంటినట్టే. కాక బ్యాటరీని విప్పి తన దుకాణానికి తీసుకెళ్లి ఛార్జి పెట్టాడు. మరునాడు హైడ్రోమీటరుతో ఆరు గదుల్లోని ఆసిడు చిక్కదనం చూశాడు. ఒక గది మిగతావాటికంటే బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. మాది ఆరింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉంది. తరువాత ఆ బ్యాటరీని తీగలేవీ తగిలించకుండా బల్ల మీద ఒక రాత్రి ఉంచాడు. పొద్దున చూస్తే 12.6 అలాగే ఉంది. కారుకు దూరంగా ఉంటే నిలుస్తున్నది, కారులో పెడితే పోతున్నది. పెట్టె తప్పు కాదు.

రెండో ప్రశ్నకు జవాబు ఐదు నిమిషాల పని. బ్యాటరీ బిగించి, ఇంజను స్టార్ట్ చేసి, కొసల మధ్య మీటరు పెట్టాడు. 14.1 చూపింది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8, 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటరు బాగా నింపుతున్నట్టు. హెడ్‌లైట్లు వేసినా పెద్దగా పడలేదు. బెల్టు కూడా బిగువుగానే ఉంది. నింపేదాని తప్పూ కాదు.

ఇక మిగిలింది మూడోదే. ఇంజను ఆపి, తలుపులన్నీ మూసి, తాళంచెవి తీసేసి, కాక బ్యాటరీ మైనస్ కొస నుంచి తీగ విప్పాడు. ఆ కొసకూ ఆ తీగకూ మధ్య ఒక చిన్న పన్నెండు వోల్టుల బల్బు తగిలించాడు. కారు నిద్రపోతుంటే ఆ బల్బు వెలగకూడదు. వెలిగింది! మిట్టమధ్యాహ్నం, ఒక్క స్విచ్చీ వేయని కారులో, ఎర్రగా, నిమ్మళంగా వెలుగుతూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

బల్బు తీసి అదే చోట మీటరును పది ఆంపియర్ల గుంటలో పెట్టి చూశాడు. అర ఆంపియరు. గడియారానికీ, ఇతర చిన్నాచితకా వాటికీ కలిపి ఒక ఆంపియరులో యాభయ్యో వంతు పోతే మామూలే, ఇరవయ్యో వంతు దాటితే అనుమానించాలి. ఇది సగం! ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టాడు. ఏ ఫ్యూజు పీకినప్పుడు మీటరు ఒక్కసారిగా పడిపోతే దొంగ ఆ దారిలో ఉన్నట్టు. ఒకటి, రెండు, మూడు... అన్నీ పీకాడు. మీటరు కదలలేదు. అర ఆంపియరు అలాగే ఉంది.

కాక టీ తెప్పించుకున్నాడు. గ్లాసు చేత్తో పట్టుకుని బ్యాటరీ వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "ఫ్యూజులన్నీ పీకినా పోతున్నదంటే, ఫ్యూజుల పెట్టె గడప తొక్కకుండ సక్కగ పోయే తొవ్వ ఒకటున్నదన్నట్టు" అని లేచి, ప్లస్ కొస దగ్గర వేలు పెట్టాడు. లావు తీగల పక్కన, టేపు చుట్టిన సన్నని ఎర్ర తీగ ఒకటి కనిపించింది. దాన్ని విప్పాడు. మీటరు 0.02 దగ్గర నిలబడింది.

ఆ ఎర్ర తీగ ఎక్కడికి పోతుందో కాక వెతకనక్కరలేకపోయింది. నాకు అప్పటికే గుర్తొచ్చింది. ముందు సీటు కింద చేయి పెట్టాను. బతుకమ్మ పాటల కోసం నేను పెట్టించుకున్న యాంప్లిఫయరు అక్కడ ఉంది. అంతకుముందు దాకా కరెంటు తాగుతూనే ఉన్నది కాబట్టి ఇంకా గోరువెచ్చగా తగిలింది. దానికి 'ఇప్పుడు మేలుకో' అని చెప్పే ఒక సన్నని తీగ ఉంటుంది. అది టేపురికార్డరుకు కలపాలి. అప్పుడు పాట వేస్తేనే అది మేలుకుంటుంది. బిగించినవాళ్లు ఆ తీగను నేరుగా బ్యాటరీ వచ్చే తీగకే కలిపేశారు. పాట ఉన్నా లేకున్నా, కారు నడిచినా ఆగినా, దసరా నుంచి ఆ పెట్టె రాత్రింబవళ్లు మేలుకునే ఉంది. రోజూ ఠాణే వెళ్లినన్నాళ్లూ రానూ పోనూ గంటల ప్రయాణంలో ఆల్టర్నేటరు ఆ లోటు పూడ్చేది. కారు ఇంటి దగ్గర నిలబడిపోయాక పూడ్చేవాళ్లు లేరు. మా అల్లుడు రావడమూ, కారు నిలబడిపోవడమూ ఒకే నెలలో జరిగాయి. నేను రెండింటికీ ముడిపెట్టాను.

"దీన్ని ఎవలు పెట్టిచ్చిండ్రు?" అని అడిగాడు కాక.

"నేనే కాకా."

ఆయన ఇంకేమీ అనలేదు. మిగిలిన టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఇంటిదొంగను సొంత డబ్బుతో తెచ్చి సీటు కింద కూర్చోబెట్టుకున్నాను.

ఆ సాయంత్రం నూలు లెక్కల పుస్తకం వెనక అట్ట మీద నేనే లెక్క వేశాను. లెక్కలు రాసి బతికేవాణ్ణి, ఈ ఒక్క లెక్క ముందే వేసి ఉంటే ఎంత బాగుండేది! మా బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. కారు లోపలి దీపం 5 వాట్లు, అంటే 0.4 ఆంపియరు. రోజుకు గంటన్నర చదివితే 0.6 ఆంపియర్-గంటలు. యాంప్లిఫయరు అర ఆంపియరు చొప్పున ఇరవై నాలుగు గంటలకు 12. అంటే మా అల్లుడు ఒక రోజులో ఖర్చు చేసినదానికి ఇరవై రెట్లు. వాడు నెలంతా చదువుకుంటే అయ్యేది 18. నా పాటల పెట్టె ఒకటిన్నర రోజులో తాగేసేది అంత! మూడు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ అడుగంటడానికి వాడి చదువుతో పనే లేదు. పైగా అలా అడుగంటా ఖాళీ అయిన ప్రతిసారీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. పాత బ్యాటరీని చంపింది కూడా నేనే.

అక్కకు ఫోను చేశాను. అల్లుడు ఇంట్లో లేడు. "సాంచల మీదికి పోతున్నడు తమ్మీ, చదువు వద్దంటున్నడు" అంది. ఎందుకని ఆమె అడగలేదు. నాకు ఆ మాటకు గొంతు తడారిపోయింది. కొడుకులు కుర్చీలో కూర్చోవాలని బాపు ఊరు విడిచి వచ్చాడు. ఆయన మనవణ్ణి నేను వెనక్కి పంపి సాంచ ముందు నిలబెట్టాను.

ఫోనులో చెప్పే మాట కాదని ఆ శనివారం బస్సెక్కాను. సిరిసిల్లలో వాడు పని చేసే షెడ్డు వెతుక్కుని వెళ్లాను. రెండు సాంచల మధ్య నిలబడి తెగిన పోగు ముడివేస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూశాను. కాసేపటికి కరెంటు పోయింది. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను లోపలికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. యాంప్లిఫయరు సంగతి, లెక్క సంగతి, అవ్వ అడిగిన మాట, అన్నీ. "తప్పు నాదిరా, నిన్ను అనవసరంగ అన్న" అన్నాను.

వాడు చేతులకంటిన దూది తుడుచుకుంటూ, "నాకు తెల్సు మామా. గింత దీపానికి గంత బ్యాటరీ ఖాళీ కాదని అప్పుడే లెక్క వేసిన" అన్నాడు.

"మరి చెప్పలేదేందిరా?"

"నువ్వు అడగలే మామా. అన్నవు."

అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పాడు. అంతకంటే కోపంగా ఉన్నా బాగుండేదేమో.

నేను అడిగిన వెంటనే వాడేమీ బయలుదేరి రాలేదు. మనుషుల మధ్య పోయింది కూడా ఒక రాత్రి ఛార్జింగు పెడితే వచ్చేది కాదు. 2007 దసరా తరువాత అవ్వను చూడడానికి వచ్చి, ఆమె బలవంతం మీద ఆగాడు. అప్పటికి భివండిలో కరెంటు పరిస్థితి మారుతున్నది. 2007 జనవరిలో ఇక్కడి విద్యుత్ పంపిణీని టోరెంట్ పవర్‌కు ఫ్రాంచైజీగా అప్పగించారు. మన దేశంలో ఆ పద్ధతి మొదలైంది ఇక్కడే. అంతకుముందు ఈ ఊరికి వచ్చిన కరెంటులో సగానికి పైగా లెక్కకు రాకుండా పోయేదని తరువాత చదివాను. వచ్చిన కరెంటు ఎక్కడెక్కడ ఒలికిపోతున్నదో ఊరంతా మీటర్లు పెట్టి చూడాల్సి వచ్చింది. కాక నా కారుకు చేసింది చిన్న ఎత్తున అదే.

మా అల్లుడు మళ్లీ పుస్తకాలు పట్టాడు. రెండుసార్లు రైల్వే పరీక్ష రాశాడు, రాలేదు. ఆ తరువాత డిగ్రీ చదివి ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. బాగానే ఉన్నాడు. కానీ మధ్యలో వాడికి ఏడాదిన్నర చదువు పోయింది. ఆ పోయినదానిలో నా వంతు ఎంతో ఏ మీటరూ చెప్పదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా కారు తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. బీరువాకు తాళం వేయడం ఆ ఏడాదితోనే మానేశాను.

ఇప్పుడు మన కుటుంబాల్లో కారు లేని ఇల్లు తక్కువ. 2020 లాక్‌డౌన్‌లో వారాల తరబడి నిలబెట్టిన కార్లు లేవక ఎంతోమంది నన్ను అడిగారు. అందుకని కాక దగ్గర నేర్చుకున్నవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

బ్యాటరీ పదే పదే దిగిపోతుంటే కొత్తది కొనేముందు ఆ మూడు ప్రశ్నలు వేయండి. పెట్టె మంచిదా, నిండుతున్నదా, ఒలుకుతున్నదా? నాలుగైదేళ్లు నిండిన బ్యాటరీ అయితే దాని కాలం తీరి ఉండవచ్చు. రోజుకు రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో, ఏ దొంగా లేకపోయినా, స్టార్టుకు పోయింది పూర్తిగా తిరిగి నిండదు. వారానికి ఒకసారైనా అరగంటకు తక్కువ కాకుండా నడపండి. తరువాత పెట్టించుకున్న వస్తువులనే ముందు అనుమానించండి. పాటల పెట్టె, కెమెరా, జీపీఎస్, రిమోట్ తాళం, ఏదైనా సరే. ఈనాటి కార్లలో తాళం వేసిన తరువాత కూడా లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి కొంత సమయం పడుతుంది. అరగంటైనా ఆగి మీటరు చూడాలి, లేకపోతే లేని దొంగ కనిపిస్తాడు. మీటరు అలా తగిలించి ఉన్నప్పుడు ఇంజను స్టార్ట్ చేయకూడదు, మీటరు కాలిపోతుంది. బ్యాటరీ తీసేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, పెట్టేటప్పుడు మైనస్ చివర బిగించాలి. దగ్గర నిప్పు పెట్టకండి. ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి. వీటిలో ఏది చేతకాకపోయినా, చేతనైన మనిషిని పిలవండి. మా కాకలాంటివాడు మీ గల్లీలోనూ ఒకరు ఉండే ఉంటారు.

ఇంకొక్క మాట. ఇంట్లో ఏ వస్తువు చెడినా మనకు మొదట గుర్తొచ్చేది కొత్తగా వచ్చిన మనిషి, లేదా ఎదురు మాట్లాడలేని మనిషి. కోడలో, పనిపిల్లో, చదువుకోవడానికి వచ్చిన చుట్టాల పిల్లవాడో. అనేముందు అడగండి. అడిగేముందు వీలైతే కొలవండి. మా అల్లుడు ఈ మధ్య పిల్లలతో వచ్చినప్పుడు చిన్నవాడు కారెక్కి లోపలి దీపం వేశాడు. "ఆర్పురా, తాత కోప్పడతాడు" అన్నాడు వాళ్ల నాన్న నవ్వుతూ. "వెలగనీ" అన్నాను నేను.